బాబాయి క్లారినెట్టు పళ్ళు

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేష్టారొకాయన చెవులకి డిప్పల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్టాఫ్ రూములో కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఒకరోజు ఏమిటి వింటున్నారని అడిగాను. జాజ్ అన్నారు. అంటే ఏమిటన్నాను.

"ఎలా చెప్పమంటారండీ? కాగితం మీద రాసుకున్నది వాయించడం కాదండి. ఒకాయన ఒక ముక్క వాయిస్తే రెండో ఆయన అక్కడికక్కడే దానికి జవాబు పుట్టించాలి. మనవైపు అలాంటిది లేదు లెండి మేడమ్" అన్నారు, నా మీద జాలిపడుతూ.

ఆ చివరి మాట అనకుండా ఉంటే నేను పేపర్లు దిద్దుకుంటూ ఉండేదాన్ని.

"మీదే ఊరండీ?"

"కామవరపుకోట అండి."

"అదీ సంగతి. మీరు మెట్ట నుంచి దిగొచ్చేసరికే మా ఏలూరులో బ్యాండు మేళాలు సగం మూతపడ్డాయి. మీ తప్పు కాదు లెండి. మా బాబాయిగారు నలభై ఏళ్ళు అదే పని చేశారండి. కాకపోతే ఎర్రకోటు వేసుకుని, పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూ చేశారు."

ఆయన నవ్వారు. నవ్వినవాళ్ళని ఊరికే వదిలేసే అలవాటు నాకు లేదు. "మా అమ్మాయి పెళ్ళికి రండి. విని అప్పుడు నవ్వండి" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మా బాబాయికి పై పళ్ళు లేవని.

బాబాయి మా నాన్నగారికి ఆఖరి తమ్ముడు. మా ఇంట్లో మగవాళ్ళందరూ అయితే మేష్టర్లు, కాకపోతే గుమాస్తాలు. బాబాయి మాత్రం ఇంటర్ రెండుసార్లు తప్పి, పోలీసు బ్యాండులో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర క్లారినెట్టు నేర్చుకుని, పెళ్ళి బ్యాండులో చేరాడు. తాతగారు రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు గానీ, ఆయన నోట అది ఎప్పుడూ "ఆ గొట్టం" తప్ప క్లారినెట్టు కాలేదు. ఇంటికొచ్చిన వాళ్ళు మూడోవాడు ఏం చేస్తున్నాడని అడిగితే మా నాయనమ్మ "ఫంక్షన్ల లైనులో ఉన్నాడండీ" అని కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళిపోయేది.

అప్పట్లో కాలవ దగ్గర ఒక సందు సందంతా బ్యాండు సెట్ల గదులే. గుమ్మానికి డ్రమ్ము, దండేనికి జరీ కుచ్చుల కోట్లు. నేను స్కూలుకి ఆ దారినే వెళ్ళేదాన్ని. ఒక గదిలో భజన పాట, పక్క గదిలో సినిమా పాట, ఎదురుగదిలో ఎవడో కొత్తవాడు ట్రంపెట్టుని గేదెలా అరిపిస్తూ ఉండేవాడు. సందు చివరికి వచ్చేసరికి మూడూ కలిసిపోయి నాలుగో పాట ఒకటి తయారయ్యేది. నాకు అదే బాగుండేది.

క్లారినెట్టులో మోగేది చిన్న రెల్లుబద్ద. రీడంటారు. కొట్లో దొరికేవి సరుకు మంచిదే గానీ, ఒక్కటి చిట్లితే మళ్ళీ మద్రాసు నుంచి రావాలి. బాబాయి దానికో ఉపాయం కనిపెట్టాడు. కైకలూరు బస్సెక్కి వెళ్ళి, కొల్లేటి ఒడ్డున నిలువెత్తు పెరిగే కిక్కిసగడ్డి కాడలు మోపు కట్టి తెచ్చేవాడు. మా డాబా మీద నాయనమ్మ వడియాల పక్కన అవి ఎండేవి. ఎండాక మెట్ల మీద కూర్చుని గడ్డం గీసుకునే బ్లేడుతో వాటిని ఉల్లిపొరలా గీసేవాడు. పదింట్లో ఒకటి పనికొచ్చేది. ఆ రీడుతో వాయిస్తే గొంతు కాస్త బొంగురుగా, జలుబు చేసి తగ్గుతున్న మనిషి పాడినట్టుండేది. తాడేపల్లిగూడెం మేళాల వాళ్ళు వెక్కిరించేవారు. వెక్కిరించిన వాళ్ళే తర్వాత మా మెట్ల మీదకి వచ్చి "రెండు కాడలిప్పించండి గురువుగారూ" అనేవారు.

ఇక జవాబుల సంగతి. కాలవ వంతెన మీద రెండు ఊరేగింపులు ఎదురుపడ్డాయంటే ఏ మేళమూ దారి ఇవ్వదు. రెండూ ఆగిపోవాలి. ఒకళ్ళు వాయిస్తే రెండోవాళ్ళు జవాబు చెప్పాలి. ఒకటే నియమం: విన్నది విన్నట్టు తిరిగి వాయించకూడదు. ఎదుటివాడి ముక్క తీసుకుని, దాన్ని ఇంకోలా తిప్పి, ఇంకేదో చేసి పంపాలి. జవాబు తోచనివాడు వాయిద్యం మూతి నేలకి దించి, పక్కకి తప్పుకోవాలి. వెనకాల ఎంత పెద్ద జమీందారు పెళ్ళికొడుకున్నా సరే, అంతే.

నాకు పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం రిక్షాలోంచి చూశాను. ఇటు బాబాయి, అటు గూడెం నుంచి వచ్చిన శాక్సాఫోను ఆయన. ఆయనది బానలాంటి పొట్ట, ఆ పొట్టకి తగ్గ ఊపిరి. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. జనం వంతెన పిట్టగోడలెక్కారు. అటు పెళ్ళికొడుకు బాసికం పక్కకి జారి నిద్రపోయాడు. ఇటు పంతులుగారు పంచె ఎగ్గట్టి మధ్యలోకి వచ్చి, "ముహూర్తం దాటిపోతోందయ్యా! పెళ్ళిళ్ళు కానిచ్చి అప్పుడు కొట్టుకోండి!" అని అరుస్తున్నారు. చివరికి శాక్సాఫోను ఆయన వాయిద్యం మూతి నేలకి దించి, "మీ కొల్లేటి గడ్డికో దణ్ణం బాబూ" అని నవ్వేశారు.

ఇంటికొచ్చి నేను ఎగిరి ఎగిరి చెబుతుంటే తాతగారు పేపరు అడ్డం పెట్టుకుని, పేజీ తిప్పకుండా మొత్తం విన్నారు.

ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ వాయించిన బాబాయి మా ఇంటి పెళ్ళికి ఒక్కదానికీ వాయించలేదు. మా ఇంట్లో ఎప్పుడూ సన్నాయే. నా పెళ్ళి కుదిరినప్పుడు బాబాయి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయ్, నీ ఎదురుకోలుకి మా సెట్టు వస్తుంది. అందరం మాట్లాడుకున్నాం" అన్నాడు. నేనప్పుడు ఎమ్మే పాసై ఉన్నాను. ఎమ్మే పాసైన కొత్తలో మనిషికి తనకి తెలియనిది లేదనిపిస్తుంది. "వద్దు బాబాయ్. వాళ్ళంతా ఆఫీసర్లు. మీరు మామూలుగా రండి, చాలు" అన్నాను. "అలాగేలే" అన్నాడు. తెల్లపంచె కట్టుకొచ్చి, భోజనాల దగ్గర నెయ్యి వడ్డించాడు. ఈయనేం చేస్తారని మావగారు అడిగితే, మా నాయనమ్మ మాటే నా నోట్లోంచి వచ్చింది. ఫంక్షన్ల లైను.

అన్ని వాదనలూ గెలిచాను గానీ ఇదొక్కటి గెలిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తర్వాత కీబోర్డులొచ్చాయి. ఆ తర్వాత పెద్ద పెద్ద స్పీకరు బాక్సులు మోసుకుని డీజే వ్యాన్లొచ్చాయి. వాటికి జవాబు చెప్పడానికి ఎదురుగా మనిషే లేడు. సందులో గదులు ఒక్కొక్కటీ సెల్ ఫోన్ల కొట్లయిపోయాయి. డ్రమ్ములాయన కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు, ట్రంపెట్టాయన ఆకివీడు చేపల లారీలకి లెక్కలు రాస్తున్నాడు. కొల్లేట్లో కిక్కిస ఉన్నచోటల్లా చెరువులు తవ్వేశారు. ట్రంపెట్టాయనే ఎక్కడో గట్టు మీద కనిపించిన నాలుగు కాడలు లారీలో పంపుతుండేవాడు. బాబాయి గుళ్ళో కీర్తనలకీ, చర్చిలో క్రిస్‌మస్‌కీ వాయిస్తూ నెట్టుకొచ్చాడు. రెండేళ్ళ క్రితం పై పళ్ళు వరసగా ఊడాయి. క్లారినెట్టుకి నోట్లో పెట్టుకునే మూతి మీద పై పళ్ళు ఆనాలి, లేకపోతే పట్టు చిక్కదు. ఇది సందులో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన శాస్త్రం. బాబాయి క్లారినెట్టుని పాత చీరముక్కలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు.

మా అమ్మాయికి గూడెం సంబంధం కుదిరింది. ఆ వేళే బాబాయి ఇంటికి వెళ్ళాను.

"ఎదురుకోలుకి మీరే వాయించాలి బాబాయ్."

నోరు తెరిచి చూపించాడు. "దేంతో?"

"పళ్ళు కట్టించుకుందాం."

"నీ పెళ్ళికి ముప్ఫై రెండూ ఉండేవే అమ్మాయ్" అన్నాడు, నవ్వుతూనే. వంటింట్లోంచి పిన్ని "బాగా అడిగారు" అంది. బాబాయే మళ్ళీ అన్నాడు: "మనింటి ఊరేగింపు ముందు ఒక్కసారి నడవాలని ఉందే. కుదిరితే చూడు."

పళ్ళ డాక్టరమ్మాయి చిన్నది, నెమ్మదస్తురాలు. అచ్చు తీసుకోవడానికి బాబాయిని నోరు మూయమంది. ఆయన సంచీలోంచి క్లారినెట్టు మూతి తీసి నోట్లో పెట్టుకుని మూశాడు.

"అది తీసెయ్యాలండీ."

"దాంతోనే తీయండమ్మా. పళ్ళు కావలసింది దీనికే" అన్నాను.

"ఏవండీ, పళ్ళనేవి నమలడానికండీ!"

"అని ఎవరు చెప్పారు? ఆయన నలభై ఏళ్ళు వీటితో నలుగురికీ అన్నం పెట్టారు. ఒక్కరోజు వీటికి నమలడం రాకపోతే ఏమైంది?"

నేను గెలిచాను. మామూలే. ఆ అమ్మాయి నిట్టూర్చి మేం చెప్పినట్టే కట్టింది. పళ్ళొచ్చాయి. క్లారినెట్టు మూతి మీద పెడితే తాళంచెవిలా పడ్డాయి. నోట్లో ఆ మూతి ఉండగా అచ్చు తీశారు కదా, దవడ పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలవు. ఇడ్లీ కూడా నమలబడదు, మాట్లాడితే ఈల. పిన్ని ఆయనకి పప్పన్నం మెత్తగా కలిపిపెడుతూ, "కొత్త పళ్ళు డబ్బాలో, అన్నం చిగుళ్ళతో. చదువుకున్నవాళ్ళు తీసుకెళ్తే ఇలాగే ఉంటుంది" అంది. ఆవిడతో వాదించలేదు. బాబాయి మాత్రం రోజూ పొద్దున్నే డాబా ఎక్కి సాధన చేసేవాడు. మునుపటంత గట్టిగా.

మగపెళ్ళివారికి ఫోను చేసి, డీజే వ్యాను తెస్తే దాన్ని ఊరి బయటే ఆపించేస్తానని మర్యాదగా చెప్పాను. వాళ్ళూ పట్టుదల మనుషులే, గూడెం నుంచి మంచి బ్యాండు మేళం తెచ్చారు. ముందు శాక్సాఫోను. పట్టుకున్నాయన వంతెన మీద నేను చూసిన పెద్దాయన శిష్యుడట. ఫంక్షన్ హాలు ముందు ఎండ వాలే వేళ రెండు మేళాలు ఎదురుపడ్డాయి. ఇటు ఐసు ఫ్యాక్టరీ నుంచి సెలవు పెట్టి వచ్చిన డ్రమ్ము, చేపల లారీ మీద వచ్చిన ట్రంపెట్టు, మధ్యలో ఎర్రకోటులో బాబాయి. కోటు భుజాల దగ్గర వదులైంది. ఇంగ్లీషు మేష్టారు మెడలో హెడ్‌ఫోన్లతోనే వచ్చి మొదటి వరసలో నిలబడ్డారు.

ఎదురుకోలులో రెండు వైపులవాళ్ళూ ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు మిఠాయి పెడతారు, పానకం ఇస్తారు. వియ్యపురాలి అత్తగారు బాబాయిని దాటుకుని వెళ్ళబోతున్నారు. నేనూరుకోవచ్చు కదా. పాతికేళ్ళ క్రితం ఊరుకున్నాను, ఆ అప్పు తీర్చుకోవాలని గొంతు పెంచి, "ఈయన బ్యాండాయనే కాదండీ, పెళ్ళికూతురి చిన్నతాతగారు! మా బాబాయిగారు!" అన్నాను.

"అయ్యో, చిన్నతాతగారా! ముందు చెప్పరేవండీ?" అని ఆవిడ వెనక్కి తిరిగి, పళ్ళెంలోంచి పాకం కారుతున్న మడతకాజా తీసి, ఆయన వద్దనేలోపల నోట్లో నిండా కుక్కేశారు.

వియ్యాలవారి మిఠాయి ఉమ్మకూడదు. ఆ పళ్ళకి నమలడం రాదు. బాబాయి ఒకసారి కొరికి, రెండోసారి ఆగి, జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగాడు. రుమాల్లోకి కాజా వచ్చింది. కాజాకి అతుక్కుని పళ్ళూ వచ్చాయి, ముందు పన్నొకటి విరిగి. పిన్ని నా వంక చూసింది. డాక్టరమ్మాయి కూడా పెళ్ళికొచ్చింది, తనూ చూసింది.

అటు శాక్సాఫోను మొదలైపోయింది. చక్కటి ముక్క, మెలికలు తిరిగి, చివర్లో ప్రశ్నలా ఆగింది. ఇప్పుడు జవాబు రావాలి. మా డ్రమ్మాయన దరువు వేస్తూ బాబాయినే చూస్తున్నాడు. మూతి నేలకి దించేస్తాడనుకున్నాను. రుమాలు నా చేతిలో పెట్టాడు. కింది పెదవితో పాటు పై పెదవి కూడా లోపలికి మడిచి, బోసి చిగుళ్ళ మీద కప్పి, క్లారినెట్టు నోట్లో పెట్టుకున్నాడు.

మొదట గాలే వచ్చింది. తర్వాత ఒక్క స్వరం. డాబా మీద విన్న గట్టి మోత కాదది. మెత్తగా, బొంగురుగా, ఎవరో ముద్ద నోట్లో ఉండగా కూనిరాగం తీస్తున్నట్టు. మెలికలు తిప్పడానికి ఆయనకి పట్టు లేదు. అందుకని ఆ ముక్కలో మెలికలన్నీ వదిలేసి మూడు స్వరాలు ఏరుకున్నాడు. ఒకటి వాయించి ఆగాడు, రెండోది వాయించి ఇంకాస్త ఆగాడు. ఆ ఆగినచోట డ్రమ్ము ఒక్క దెబ్బ వేసింది. పానకం గ్లాసుల చప్పుడు కూడా నిలిచిపోయింది. మూడోది సాగదీసి, ప్రశ్నకి ప్రశ్నే వేసినట్టు వదిలాడు.

గూడెం ఆయన శాక్సాఫోను ఎత్తాడు. మళ్ళీ దించాడు. మూతి నేలకి పెట్టి, పక్కకి తప్పుకుని, "మీ సంగతి మా గురువుగారు చెబితే గడ్డి మహిమ అనుకున్నానండీ" అన్నాడు.

బాబాయి మా అమ్మాయి ముందు నడుచుకుంటూ గుమ్మం దాకా వాయించుకుంటూ వెళ్ళాడు. నేను పక్కనే నడిచాను, చేతిలో కాజా, పళ్ళు.

ఇంగ్లీషు మేష్టారు నా పక్కకి వచ్చి, "మేడమ్, ఇది అచ్చం జాజేనండీ" అన్నారు.

"కాదండీ. ఇది ఎదురుకోలు" అన్నాను. ఆయన నవ్వలేదు.

భోజనాల దగ్గర బాబాయి పాయసం తాగుతూ, ఎదురు బంతిలో ఉన్న డాక్టరమ్మాయిని చూపించి నాతో మెల్లిగా అన్నాడు:

"అమ్మాయ్, రేపు నువ్వు రావద్దు. పిన్నిని తీసుకెళ్తాను. ఈసారి తినే పళ్ళు కట్టించుకోవాలి."