ఎవరి పక్షమూ కాని చేనుకు కంప

నా చిన్నప్పుడు మా ఊళ్లో రెండు పార్టీలు. ఎగువవాళ్ల పొలాలకూ దిగువవాళ్ల పొలాలకూ సరిగ్గా మధ్యన మా మిరపచేను. మా నాయనమ్మ ఏ పార్టీలోనూ చేరలేదు. చేరినవాళ్లకు ఒక సుఖం ఉండేది, కల్లంలో ఎండబోసిన కాయను వంతులేసుకుని ఒకరిది ఒకరు కాపలా కాసేవారు. మా కాయకు మేమే దిక్కు. అందుకని చేను చుట్టూ రెండు వరసల కంప కొట్టించింది, రెండు కుక్కలను పెంచింది. మనిషి చాలక నన్ను రెండో తరగతిలోనే బడి మానిపించింది. నేను ఎంత ఏడ్చినా వినలేదు.

"ఎవరి జోలికీ పోనిదానికి ఇంత కంపెందుకే?" అని దారిన పోయేవాళ్లు నవ్వేవారు.

ఒకనాటి మధ్యాహ్నం ఎగువవాళ్లు కర్రలతో వచ్చారు. మా చేలోంచి అడ్డంపడి వెళ్లి, దిగువవాళ్ల కల్లం మీద వెనకనుంచి పడాలని వాళ్ల ఎత్తు. దారి ఇచ్చామా, దిగువవాళ్లు మా కాయకు నిప్పు పెడతారు. ఏడాది తిండి ఆ కాయే. నాయనమ్మ తడికకు అడ్డంగా నిలబడింది.

"తడిక తియ్యి పెద్దమ్మా, నీ జోలికి రాములే."

"తియ్యను నాయనా. రేపు వాళ్లొచ్చినా తియ్యను."

"ముసలిదానివి, మమ్మల్ని ఆపుతావా?"

"నేనేం ఆపుతాను? ఈ కంప నరుక్కుని మీరు అవతలికి పోయేలోపు, నా కుక్కల అరుపుకి వాళ్లే లేచి ఎదురొస్తారు."

వాళ్లు కంప వంక కాసేపు చూసి వెనక్కి తిరిగారు. నాలుగు రోజులకు దిగువవాళ్లు వచ్చి అదే అడిగారు, అదే జవాబు విన్నారు. ఆ ఏడు మా కాయ ఒక్కటి పోలేదు. నేను మాత్రం మళ్లీ బడి గడప తొక్కలేదు.

మా ఆయన పోయాక జర్మనీలో, హానోవర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. పక్కనున్న స్విట్జర్లాండ్, ఎవరి యుద్ధంలోనూ చేరని దేశం, సైన్యానికి ఖర్చు పెంచుతోందని మొన్న టీవీలో వస్తే అల్లుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తోడు లేనివాళ్లకు ఖర్చు ఎక్కువే అవుతుంది. ఆ ఖర్చు ఇంట్లో ఎవరో ఒకరు మోస్తారు కూడా.

కూతురూ అల్లుడూ మాటామాటా అనుకుంటే నేను ఎవరి వైపూ మాట్లాడను. అందుకే నా వంట నేనే వండుకుంటాను, డాక్టర్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉంటే నేనే ట్రామెక్కి వెళతాను. మోకాళ్లు పీకుతాయి, పీకనీ. నా మాట ఇద్దరూ వింటున్నారు.