చిట్టికి ఒడి వచ్చింది

పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదట. అందుకని వాళ్లమ్మ చిట్టి అని పిలిచింది. ఆ పిల్ల పెరిగి పెద్దదై, నలభై మూడో ఏట నూట ఇరవై ఎనిమిది కిలోలు తూగినా పిలుపు మాత్రం మారలేదు. బైండింగు షాపుకి కొత్తగా వచ్చినవాళ్లు "చిట్టిగారెవరండీ?" అని అడిగి, ఆవిడ లేచి నిలబడగానే ఒక్క క్షణం తడబడేవాళ్లు. వాళ్లు తేరుకునేదాకా ఆమె ఓపిగ్గా నవ్వుతూ నిలబడేది.

షాపు అక్కాచెల్లెళ్లిద్దరిదీ. తండ్రి తరవాత వాళ్లే నడుపుకొస్తున్నారు. కోర్టు రిజిస్టర్లు, కాలేజీవాళ్ల పరిశోధన గ్రంథాలు, లైబ్రరీలో చిరిగిపోయిన పుస్తకాలు వాళ్ల దగ్గరికే వస్తాయి. కాగితాలు మడిచి, సూదీదారంతో కుట్టే పని చిట్టిది. అట్ట కోసి, గుడ్డ అంటించి, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు అచ్చు వేసే పని అక్కది. అక్క కూడా లావే. చెల్లెలికంటే ఓ పది కిలోలు తక్కువుంటుందేమో, అంతే. వీధిలో వాళ్లను మొదటి సంపుటం, రెండో సంపుటం అంటారు. ఆ మాట పుట్టించింది అక్కే. ఇంకొకరు అనేలోపు మనమే అనేసుకుంటే సరిపోతుంది కదా అనేది ఆవిడ లెక్క.

చిట్టి పెళ్లి చేసుకోలేదు. షాపు మీద గదిలో ఉంటుంది. అక్కా బావా పక్కింట్లో ఉంటారు. బావ వ్యాను నడుపుతాడు, పూర్తయిన పుస్తకాలు చేరవేస్తాడు, అవసరమైతే తప్ప నోరు విప్పడు.

ఒక మధ్యాహ్నం చిట్టి కుడుతూ కుడుతూ నిద్రపోయింది. ఆ వారంలో అది మూడోసారి. సూది బొటనవేల్లో దిగినా మెలకువ రాలేదు. ఎవరో విద్యార్థి ఐదేళ్లు కష్టపడి రాసిన గ్రంథంలో పదహారు పేజీలకు నెత్తురంటింది. వాటిని మళ్లీ అచ్చు వేయించి తెచ్చేసరికి బావ కూడా నోరు విప్పాడు. "డాక్టరుకి చూపించమ్మా," అన్నాడు.

నిద్రలో ఊపిరి ఆగిపోతోందని తేలింది. షుగరు ఎప్పటినుంచో ఉన్నదే. బరువు తగ్గమని ఇదివరకు చెప్పిన డాక్టర్లందరూ ఏదో తప్పు చేసిన పిల్లను మందలించినట్టు చెప్పారు. ఈ డాక్టరమ్మ మాత్రం కాగితం మీద బొమ్మ గీసింది. పొట్ట సంచిలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినది అరటిపండంత గొట్టంలా ఉంచి కుట్టేస్తారట.

"అంటే పుస్తకంలో కాగితాలు పీకేసి, మిగిలినవాటికి మళ్లీ బైండింగు చెయ్యడమేగా," అంది అక్క. "కుట్టు ఊడితే?"

"మంచి ప్రశ్న," అని డాక్టరమ్మ ఆ ప్రమాదం ఎంత, ఎప్పుడు, ఊడితే ఏం చేస్తారు అన్నీ దాచకుండా చెప్పింది. చివర్లో అక్క వైపు తిరిగి, "మీరు కూడా ఒకసారి ఆలోచించండి," అంది.

"నేను తోడొచ్చానండీ," అని అక్క సంచీ తీసుకుని లేచింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తరవాతి రోజులు మాత్రం విసుగ్గా నడిచాయి. పావుగంటకొకసారి రెండు చెంచాల సూపు. గోడ గడియారం చూస్తూ అక్క చిన్న గిన్నె పట్టుకుని పక్కనే కూర్చునేది. "మింగు. తొందరేం లేదు, గడియారం నేను చూస్తున్నాగా," అనేది. అసలు మార్పు మధ్యాహ్నం భోజనం దగ్గర వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ డబ్బాలు ఎదురెదురుగా పెట్టుకుని, ఒకరి దాంట్లోంచి ఒకరు లాక్కుంటూ తిన్నారు. లోకంలోని సంగతులన్నీ ఆ గంటలోనే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు చెల్లెలికి వాసన తగలకూడదని అక్క వెనక గదిలోకి వెళ్లి గబగబా తినేసి, దొంగలా మూతి తుడుచుకుంటూ వచ్చేది.

నాలుగో నెలకు ముప్పై ఒక్క కిలోలు తగ్గింది. ఒకరోజు కుడుతుంటే దారపుండ బల్ల మీంచి దొర్లింది. చిట్టి అసంకల్పితంగా మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. దారపుండ కిందపడలేదు. తొడల మీద ఆగింది. ఆమె దానికేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఆమె కూర్చుంటే పొట్ట మోకాళ్లదాకా ఉండేది. ఏది జారినా తిన్నగా నేలమీదికే. ఇప్పుడక్కడ కాస్త చోటు ఏర్పడింది. పక్కనున్న సన్నపాటి పుస్తకం తీసి పెట్టింది. ఆగింది. ఇంకొకటి పెట్టింది. అదీ ఆగింది. తనకి ఒడి వచ్చింది!

"అక్కా!" అని తలెత్తింది. సరిగ్గా అప్పుడు అక్క బెంచీ మీంచి లేస్తోంది. ప్రెస్సు పిడి పట్టుకుని ఒకసారి ఊగి, ఆగి, ఊపిరి తీసుకుని, రెండో చెయ్యి మోకాలి మీద ఆనించి మళ్లీ ఊగి, మూడో దఫాకి లేచింది.

"ఏంటే?"

"ఏం లేదు. దారం అయిపోవస్తోంది."

ఆ రోజునుంచి చిట్టి దాచడం మొదలుపెట్టింది. స్నానాల తువ్వాలు చుట్టూ తిరిగి, అంచు దోపుకోవడానికి కూడా సరిపోయింది. చెప్పలేదు. చేతి గడియారం పట్టీకి మేకుతో రెండు కొత్త కంతలు పొడుచుకుంది. చెప్పలేదు. నిద్రలో ఊపిరి కోసం ముక్కుకి తగిలించుకునే మిషను ఇక అక్కర్లేదని డాక్టరమ్మ అంటే దాన్ని బీరువా మీదికెక్కించి, మంచం పక్కన మాత్రం దాని తీగ అలాగే వేలాడేసింది. పాత వదులు బట్టలే వేసుకునేది. బల్లకి పొట్ట ఆనకపోవడంతో ఆమె ఏప్రనుకి మధ్యలో జిగురు మరకలు పడడం మానేశాయి. ఆ మార్పు కూడా కనబడకూడదని ఏప్రను తిరగేసి కట్టుకునేది.

మూడు నెలలకోసారి ఇద్దరూ కోర్టు ఆఫీసుకి వెళ్లి రిజిస్టర్ల బిల్లుల మీద సంతకాలు పెట్టాలి. అది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, కానీ అది పనిచేస్తుండగా చూసినవాళ్లు లేరు. ఇదివరకు ఇద్దరూ రెండో అంతస్తు మలుపులో నోటీసు బోర్డు చదువుతున్నట్టు పది నిమిషాలు నిలబడేవాళ్లు. ఈసారి చిట్టి ఏదో ఆలోచిస్తూ ఎక్కి, మలుపు దగ్గరకొచ్చాక గుర్తొచ్చి వెనక్కి చూసింది. అక్క ఇంకా ఎనిమిది మెట్ల కింద ఉంది. చిట్టి గబుక్కున గోడకి చెయ్యి ఆనించి, "అబ్బా! ఇవేం మెట్లే తల్లీ!" అని ఒగర్చడం మొదలుపెట్టింది.

అక్క ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. నోటీసు బోర్డుకి ఆనుకుని నిలబడింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఆపు."

"ఏంటి?"

"ఆ ఒగర్పు. నిజంగా ఒగర్చేవాళ్లకి మాట రాదే. నువ్వు 'ఇవేం మెట్లే తల్లీ' అని పూర్తిగా ఒక వాక్యం చెప్పావు."

చిట్టి గోడ మీంచి చెయ్యి తీసేసింది.

"ఎన్నాళ్లనుంచి ఈ నాటకం?"

"రెండు నెలలు."

"ఎందుకు?"

"నీకు... ఏమైనా అనిపిస్తుందేమోనని."

అక్క మొహం ఎర్రబడింది. "గిన్నె పట్టుకుని గంటలు గంటలు నీ పక్కన కూర్చున్నది ఎవరు? కుట్లు విప్పుతుంటే నువ్వు కళ్లు మూసుకుంటే, తెరిచి చూసింది ఎవరు? కష్టానికైతే నేను కావాలి, సంతోషం వచ్చేసరికి ఒక్కదానివే మింగేస్తావా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"అది కాదక్కా..."

"నాకేమైనా అనిపిస్తే అనిపిస్తుంది. ఎందుకనిపించదు? అది నా ఏడుపు, నేను ఏడుస్తాను. నీ జాలి నాకొద్దు. చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏమేం దాచావో అన్నీ. ఇంకో అంతస్తుంది. ఎలాగూ నేను కాసేపు ఆగాలి."

అలా కోర్టు మెట్ల మలుపులో, ఫైళ్లు మోసుకుంటూ జనం పక్కనుంచి పోతుంటే, చిట్టి అన్నీ చెప్పింది. తువ్వాలు సంగతి చెబితే అక్క నవ్వింది. "నేనైతే రెండు తువ్వాళ్లు కలిపి కుట్టించుకున్నాను. నీకు చెప్పలేదు," అంది. ఏప్రను తిరగేసి కట్టుకున్న సంగతి చెబితే నెత్తి కొట్టుకుంది. "అందుకేనా జేబు లోపలికి పోయింది? కత్తెర కోసం వారం వెతికాను కదే!" దారపుండ సంగతి, ఒడి సంగతి చెప్పింది. చివరికి, ఎదురింటి పాప మొన్న బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి, అడక్కుండా తన ఒళ్లో ఎక్కి కూర్చుందని చెప్పింది.

అక్క నవ్వలేదు. "ఎంతసేపు కూర్చుంది?"

"పావుగంట. కాళ్లు తిమ్మిరెక్కాయి. అయినా దించలేదు."

అక్క నోటీసు బోర్డు వైపు తిరిగి, అందులో ఉన్నదంతా నిజంగానే చదివింది. తరవాత కళ్లు తుడుచుకుని, "పద, ఆఫీసు మూసేస్తారు," అంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క తన డబ్బా తెచ్చి ఎప్పట్లా చెల్లెలి ఎదురుగా తెరిచింది. "వాసన పడకపోతే చెప్పు." చిట్టికి నాలుగు చెంచాలు తినడానికి అరగంట పట్టేది. నమిలి నమిలి మింగాలి. ఆమె తోడు కోసం అక్క కూడా నెమ్మదిగా తినడం నేర్చుకుంది. షట్టరు దించే ముందు, "ఇవాళ్టి సంగతేంటి?" అని అడగడం కూడా అలవాటు చేసుకుంది.

ప్రతిరోజూ మంచి కబురే ఉండేది కాదు. ఏడో నెలలో దువ్వెన నిండా జుట్టు రాలింది. ఉడికించిన గుడ్డు తొందరపడి మింగి, సింకు దగ్గర గంటసేపు నిలబడింది. చేతుల కింద చర్మం ఖాళీ సంచుల్లా వేలాడింది. అందరూ ఫ్యాన్లు వేసుకుంటే చిట్టి శాలువా కప్పుకునేది. ఒకసారి మూడు వారాలపాటు తూకం ముల్లు అంగుళం కదల్లేదు. అవన్నీ కూడా చెప్పాల్సిందేనని అక్క పట్టుబట్టింది. ఏమీ చెప్పడానికి లేని రోజున, "అయితే నాది విను. ఇవాళ రెండు దఫాల్లో లేచాను," అంది.

"తగ్గావా?" అంది చిట్టి ఆశగా.

"లేదు. వడ్రంగి చేత బెంచీ నాలుగంగుళాలు ఎత్తు చేయించాను. ఇన్నేళ్లూ ఈ బుర్రకి తట్టలేదు."

ఒకసారి ఓ వకీలు గుమాస్తా రిజిస్టర్లు తీసుకోవడానికి వచ్చాడు. చిట్టిని ఎగాదిగా చూసి మెచ్చుకుని, అక్కతో, "చూశారా, చెల్లెల్ని చూసైనా నేర్చుకోవాలి మీరు," అన్నాడు. అక్క నవ్వబోయింది, మాట పడ్డప్పుడల్లా నవ్వే ఆ పాత నవ్వే.

చిట్టి సూది పక్కన పెట్టింది. "మా అక్క నాకు రెండు నెలలు చెంచాతో తాగించింది సార్. నేర్చుకోవాలంటే మీరే ఆవిణ్ణి చూసి నేర్చుకోండి. సంతకం ఇక్కడ పెట్టండి."

గుమాస్తా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. "కాస్త ఎక్కువే అన్నావు," అంది అక్క. ఆ సాయంత్రమంతా మాత్రం పని చేస్తూ కూనిరాగం తీసింది.

ఏడాదికి చిట్టి ఎనభై నాలుగు కిలోలకు వచ్చింది. షుగరు మాత్రలు మూడింటిలో రెండు మానేసింది. మిగిలినదీ విటమిన్లూ జీవితాంతం ఉంటాయి. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి బాగున్నాయంది. అక్క గొంతు సవరించుకుని, "నాలాంటి వాళ్లకి చేస్తారా?" అని అడిగింది.

"చేస్తాం. ముందు కొన్ని పరీక్షలు..."

"అడిగానంతే," అంది అక్క. ఆపరేషన్ చేయించుకోలేదు. రక్తపరీక్ష మాత్రం చేయించుకుంది. అందులో తేలిన బీపీకి మాత్రలు వేసుకుంటోంది. మిగతాది ఇంకా తేల్చుకోలేదు. చిట్టి అడగదు.

ఈమధ్యే ఇద్దరూ అట్టల గుడ్డ చూడ్డానికి నాలుగు గంటల దూరంలో ఉన్న మిల్లుకి వెళ్లారు. బస్సుల్లో వాళ్లు ఎప్పుడూ ఒకరి వెనక ఒకరు కూర్చునేవారు. ఒక్కొక్కరికీ ఇద్దరి సీటు పూర్తిగా కావాలి మరి. దారిపొడుగునా చిట్టి ముందుకు వంగి అక్క వీపుతో మాట్లాడేది. ఆ రోజు కూడా అక్క కిటికీ పక్కన సర్దుకుని కూర్చోగానే చిట్టి వెనక సీటులోకి వెళ్లబోయింది.

"ఎక్కడికే?" అంది అక్క. "ఇటు రా. ఇద్దరం సరిపోతామేమో చూద్దాం."

చిట్టి కూర్చుంది. ఒక పక్క నడవలోకి కొంచెం జరగాల్సివచ్చింది. కానీ పట్టింది. ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి.

"ఇరుగ్గా ఉందా?" అంది అక్క.

"ఉంది."

"లేస్తావా?"

"లేవను."

బస్సు బయల్దేరింది. అక్క సంచీలోంచి గుడ్డ నమూనాలు తీసి చెల్లెలి ఒళ్లో పరిచింది. కోర్టువాళ్లకి ముదురు ఆకుపచ్చ బాగుంటుందని అక్క, మాసినా కనబడదు కాబట్టి నల్లదే మేలని చిట్టి, మిల్లు వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.