వణికే కారులో వైబ్రేషన్స్ లెక్చరరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒక్కటే ఉండేది: నాకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయని. ఆ రోజులంటే మరీ పాతవేం కావు, ఏ సందేహం వచ్చినా ఫోనులో వెతుక్కునే రోజులే. గుడివాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ణి. నా సబ్జెక్టు వైబ్రేషన్స్. అంటే యంత్రాలు ఎందుకు వణుకుతాయి, ఆ వణుకు ఎలా ఆపాలి అని చెప్పే శాస్త్రం. (నవ్వకండి, ఇంకా అసలు విషయంలోకి రాలేదు.) ఉద్యోగం తాత్కాలికం. వేసవిలో ఇంటర్వ్యూ పెట్టి, పనికొచ్చినవాళ్ళని పర్మనెంటు చేస్తామన్నారు. అందాకా ఆగకుండా నేనొక పాత తెల్ల కారు కొనేశాను. దాని మీద చిటికెడు దుమ్ము కనిపిస్తే నాకు అన్నం సహించేది కాదు.

కొన్న కొన్నాళ్ళకి ఆ కారుకొక జబ్బు పట్టుకుంది. స్పీడు మీద ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో గడగడలాడేది. పెడలు పాదం కింద నాడిలా కొట్టుకునేది. బ్రేకు వదిలేస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేది. పక్క సీటులో కూర్చునే తోటి లెక్చరరు, బ్రేకులు ఒకసారి చూపించు బావా అన్నాడు. నేను స్టాఫ్ రూము బోర్డు మీద బొమ్మ గీసి, రెండు సమీకరణాలు రాసి, దోషం టైర్లదేనని నిరూపించాను. గుడివాడలో రెండుసార్లు చక్రాల అలైన్‌మెంటు చేయించాను, ముందు టైర్లు వెనక్కి మార్పించాను. వణుకు మాత్రం తగ్గలేదు. చివరికి నేనే బ్రేకు తొక్కడం తగ్గించుకున్నాను.

అలా మూడు నెలలు గడిచాయి. ప్రాక్టికల్ పరీక్షలకి బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. ఆయన ఎదుట ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకుంటాడని పిల్లలు ఆయనకి సైలెన్సర్ సారని పేరు పెట్టుకున్నారు. వేసవి ఇంటర్వ్యూ బోర్డులో ఆయన కూడా ఉంటారని అప్పటికే అందరికీ తెలుసు. మధ్యాహ్నం పరీక్ష అయిపోగానే మా హెచ్ఓడీ నన్ను పిలిచి, సారుని బందరు బస్టాండులో దింపి రమ్మన్నారు. మర్నాడు మాఘ పౌర్ణమి. అవనిగడ్డలో ఉన్న వాళ్ళక్కగారిని హంసలదీవి స్నానానికి తీసుకెళ్ళాలట ఆయన. మీకు కారుంది కదా అని హెచ్ఓడీ అన్నప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కారు గుర్తుకొచ్చాక నాలుగంగుళాలు తగ్గింది.

కవుతరం దాటేదాకా బ్రేకుతో పని లేకుండా నెట్టుకొచ్చాను. తర్వాత ఒక స్పీడు బ్రేకర్ వచ్చింది. మెల్లిగానే తొక్కాను గాని, స్టీరింగు నా మాట వినలేదు, గడగడలాడింది. సారు చేతిలోని ఫైలు జారి కిందపడింది.

"ఏంటది?" అన్నారు.

"రోడ్డు సార్. బాగా పాడైపోయింది," అన్నాను.

(ఆ రోడ్డు వేసి రెండు నెలలు కాలేదు. తారు నల్లగా, నున్నగా మెరిసిపోతోంది.) ఆయన రోడ్డు వంక చూశారు, నా వంక చూశారు, ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

పెడన ఇంకా రాలేదు. కాలవ గట్టు మీద మలుపు తిరిగేసరికి ఎదురుగా గడ్డి ట్రాక్టరు, రోడ్డంతా తనదే అన్నట్టు వస్తోంది. నా ముందున్న ఆటో టక్కున ఆగిపోయింది. ఇక బ్రేకు తొక్కకుండా నెట్టుకురావడానికి లేదు, గట్టిగా తొక్కాను. కారు మొత్తం మలేరియా రోగిలా ఊగింది. స్టీరింగు చేతుల్లోంచి ఊడి వచ్చేస్తుందేమో అనిపించింది. ఆటోని గుద్దకుండా ఎడమకి తిప్పాను. చక్రాలు తారు దిగి మట్టిలోకి జారాయి, జమ్ము కంకులు కిటికీ అద్దానికి టపటపా కొట్టుకున్నాయి. ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. ఆగింది. సారు వైపు కిటికీలోంచి చూస్తే నేల కనిపించలేదు, నీళ్ళే కనిపించాయి.

ట్రాక్టరు వెళ్ళిపోయింది, ఆటో వెళ్ళిపోయింది. నేను ఇంజను ఆపి అలాగే కూర్చున్నాను. నా కాలు పెడలు మీదే ఉండిపోయింది, తీద్దామంటే రావడం లేదు. ఆయన ఒళ్ళో ఫైలు సర్దుకుని అడిగారు.

"మీరు చెప్పే సబ్జెక్టేంటండీ?"

"వైబ్రేషన్స్ సార్."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను దిగాక నా వైపు నుంచే తనూ దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నా చేత వెనక్కి నడిపించి రోడ్డెక్కించారు. ఖాళీ రోడ్డు మీద కొంచెం స్పీడందుకుని, కాలు బ్రేకు మీద పెట్టకుండా హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగమన్నారు. లాగాను. స్టీరింగు కదల్లేదు. ఇప్పుడు కాలితో తొక్కమన్నారు. వణికింది. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, అప్పుడు వణకలేదు కాబట్టి ముందు చక్రాల బ్రేకు డిస్కులే వంకరపోయాయి అన్నారు. ఎన్నాళ్ళ నుంచని అడిగితే మూడు నెలలని చెప్పాను. ఎందువల్ల అనుకున్నారని అడిగారు. టైర్లని మొదలుపెట్టబోయి ఆగిపోయాను.

"తెలియదు సార్."

ఉద్యోగంలో చేరాక ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

"ఇందాక రోడ్డన్నందుకు సున్నా వేశాను. దీనికి రెండు మార్కులు వేస్తున్నాను," అన్నారాయన, ముందుకి చూస్తూనే.

మిగతా దారంతా సైకిళ్ళ వెనకే వెళ్ళాం. సారు ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయే ఉంటుందని తెలిసి కూడా ఆయన తొందరపెట్టలేదు. బందరు పొలిమేరలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. దాని యజమాని అరవై దాటిన పెద్దమనిషి. కొలిచే గేజి ముల్లు చెబితే తప్ప ఎవరు చెప్పినా నమ్మడు కాబట్టి ఊరంతా ఆయన్ని ముల్లు భాయ్ అంటారు. ముందు చక్రాలు విప్పి, గేజి బిగించి, డిస్కుని చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. డిస్కు మీద అక్కడక్కడా నీలంగా కమిలిన మచ్చలు. లేతు పట్టించి చదును చేయొచ్చు కదా అని నేను కొంచెం తెలివి చూపించబోయాను. ఎంత వరకు అరగొచ్చో డిస్కు మీదే చెక్కి ఉందని, ఇది అప్పుడే ఆ గీటుకి వచ్చేసిందని, మళ్ళీ చెక్కితే పగిలే ప్రమాదముందని ఆయన ఓపిగ్గా చెప్పాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

"బండి ఆపగానే చక్రాల మీద నీళ్ళు కొడతారా సార్?"

నేను సారు వంక చూడలేదు. రోజూ కాలేజీ నుంచి రూముకి చేరిన మరుక్షణం, రెండు బకెట్ల చన్నీళ్ళతో చక్రాలు తళతళలాడేలా కడిగేది నేనే. కాలిపోతున్న ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో రెండో సంవత్సరం పిల్లల పరీక్షలో ప్రశ్న ఇచ్చింది కూడా నేనే. అవునండీ అన్నాను. స్టూలు మీద కూర్చున్న సైలెన్సర్ సారు టీ గ్లాసు పక్కన పెట్టి, అప్పుడు నవ్వారు. కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

సాయంత్రానికి కొత్త డిస్కులు, ప్యాడ్లు పడ్డాయి. మంగినపూడి రోడ్డు మీద ముల్లు భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తొక్కి చూస్తే, కారు గీత గీసినట్టు ఆగింది. ఆనందం పట్టలేక, అవనిగడ్డ దాకా నేనే దింపుతానని సారుని బతిమాలాను. ఆయన సంచి భుజాన వేసుకుని, నా భుజం తట్టి, బస్సులోనే వెళ్తానన్నారు.

వేసవిలో ఇంటర్వ్యూ జరిగింది. బల్లకి అవతల నలుగురున్నారు. ముగ్గురు సమీకరణాలు అడిగారు. సైలెన్సర్ సారు వంతు వచ్చింది.

"ఈ రోజు ఎలా వచ్చారండీ?"

"బస్సులో సార్."

మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో మిగతా ముగ్గురికీ అర్థం కాలేదు. ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఇప్పుడు వేరే కారు నడుపుతున్నాను. ఆ కాలవ మలుపు వస్తే ఎందుకో కాలు దానంతటదే మెత్తబడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టీరింగు రెండు చేతులా బిగించి పట్టుకుని, అంతా బాగానే ఉందని మొహం పెట్టిన ఒక పాతికేళ్ళవాడు అక్కడ ఇంకా కనిపిస్తుంటాడు. వాడికేదో చెప్పాలనిపిస్తుంది. కానీ వినడు, ఎంతైనా లెక్చరరు కదా.