నజ్వా పంపిన క్యాసెట్

1984లో న్యూజెర్సీ ప్యాటర్సన్‌లో ఉండేది నజ్వా. పగలు రొట్టెల బేకరీలో పని, తక్కిన వేళల్లో అరబిక్‌లో కథలు. సొంత ఊరు పాలస్తీనాలోని నాబ్లుస్. అరవై ఏడు యుద్ధంలో ఆ ఊరు ఇజ్రాయెల్ చేతికి పోయినప్పుడు కైరోలో చదువుకుంటోంది. ఆ పాపానికి ఇంటికి తిరిగి వెళ్ళే హక్కే పోయింది.

ఏం కథలనుకున్నారు! ఆడదాన్ని ప్రేమించిన ఆడదాని కథలు. ప్రవాసుల పత్రికకి పంపితే, ముందు దేశం రానివ్వమ్మా, ఈ గొడవలు తర్వాత చూద్దామన్నారు. నజ్వాకి ఒళ్ళు మండింది. దేశం వచ్చేదాకా ఊపిరి పీల్చడం కూడా వాయిదా వేసుకోవాలా? చివరికి బోస్టన్‌లో ఆడవాళ్ళు నడిపే చిన్న ప్రచురణ సంస్థ వాటిని ఇంగ్లీషులో వేస్తామంది. పుస్తకం మీద ఏ పేరు వేయాలో వేసవిలోగా చెప్పమంది.

దొంగపేరు పెట్టుకోవడం ఆమెకి చచ్చినా ఇష్టం లేదు. అమ్మకి చెప్పకుండా సొంత పేరు వేయించడానికీ మనసొప్పలేదు. అమ్మకి చదువు రాదు. పదిహేడేళ్ళుగా వాళ్ళ ఉత్తరాలన్నీ క్యాసెట్లే. నజ్వా టేపు వచ్చిందంటే వీధి వీధంతా వాకిట్లో చేరి వినేది. ఈ సంగతి వాళ్ళందరి మధ్యా మోగితే అమ్మ గతేం కాను?

ప్రేమజ్యోతి బాపట్ల నుంచి వచ్చిన నర్సు. తెలుగు చర్చివాళ్ళ లెక్కలో నజ్వా ఆమె రూమ్మేట్. ఇంట్లో సంగతి వేరు.

"నీ టెన్షన్ చూడలేకపోతున్నాను. రికార్డ్ చేసెయ్, నేను పోస్ట్ చేస్తా," అందామె.

అమ్మా, ఇది నువ్వొక్కదానివే విను అని మొదలుపెట్టి, పుస్తకం సంగతీ, ప్రేమజ్యోతి సంగతీ దాచకుండా చెప్పేసింది నజ్వా. టేపు వెళ్ళిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బేకరీలో రెండుసార్లు రొట్టెలు మాడ్చింది. ఏడో వారంలో జవాబు వచ్చింది. ఎప్పుడూ పిల్లల గోలతో, అన్న సామీ దగ్గుతో నిండి వచ్చే టేపులో ఈసారి అమ్మ గొంతొక్కటే ఉంది.

"గడియ పెట్టుకుని విన్నానే. నాకేం అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది. పుస్తకం మీద నీ పేరు పక్కన మీ నాన్న పేరు మాత్రం వద్దు, సామీ బయట తిరగలేడు. నా పేరు వేసుకో. ఇక్కడ అందరికీ నేను సామీ తల్లినే. నా పేరేమిటో ఎవరికీ గుర్తులేదు."

నజ్వా వెంటనే బోస్టన్‌కి ఫోన్ చేసింది. నజ్వా వదాద్ అని చెప్పింది. తన ముప్పై ఏడేళ్ళలో వదాద్ అన్న అమ్మ పేరు బయటివాళ్ళ ముందు పలకడం అదే మొదలు. మళ్ళీ ఒకసారి చెప్పండి అన్నారు అవతలివాళ్ళు. ఈసారి నువ్వు చెప్పు అంటూ నజ్వా ఫోను ప్రేమజ్యోతి చేతికిచ్చేసింది.