నా మూతి మీద చీమలు

మొన్న పొద్దున నాకు పక్షవాతం వచ్చింది. అంటే, వచ్చిందని నేనే ప్రకటించాను. ఎలాగో వినండి!

మా అబ్బాయి శ్రీకాంత్ నానక్‌రామ్‌గూడలో ఆఫీసుకు పోయే ముందు షటిల్ ఆడతాడు. ఆటకు ముందు, జిమ్‌కు పోయేవాళ్ళు తాగే ఎర్రటి పౌడరేదో నీళ్ళలో కలుపుకుని తాగుతాడు.

"ఏందిరా అది? నువ్వేమన్న దేశానికి ఆడుతున్నవా?" అన్నాను.

"ఊకో అమ్మా! మా బ్యాచ్‌ల అందరు తాగుతరు. ఎనర్జీ వస్తది, ఫోకస్ వస్తది."

ఫోకస్! ఆ మాట నన్ను పట్టేసింది. ఈ మధ్య నాకు మతిమరుపు భయం. పొయ్యి కట్టేశానా లేదా అని లేచి చూస్తాను. చూసొచ్చి, చూశానా లేదా అని మళ్ళీ లేస్తాను.

వాడు వెళ్ళాక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. పొట్లం కాగితాలు చదివి చదువు నేర్చుకున్నదాన్ని, డబ్బాను వదులుతానా? కాకపోతే పెద్ద అక్షరాలే చదివాను. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు మరి. మజ్జిగలో రెండు పెద్ద చెంచాలు కలిపి గటగటా తాగేశాను.

కాసేపటికి పెదవులు చిమచిమ! చెవులు, చెంపలు, వేళ్ళు... ఒళ్ళంతా చీమలు పాకినట్టే! పైగా గుండె దడ! పక్షవాతమే! మాట పడిపోతుందేమో, ఉన్న కాస్త జ్ఞాపకమూ పోతుందేమో! కోడలి గదిలోకి ఉరికాను.

"స్వప్నా! నా మూతి వంకర పోయిందా చూడు బిడ్డా!" అంటూ లాప్‌టాప్ ముందు మొహం పెట్టాను.

ఆమె మీటింగ్‌లో ఉంది. తెర మీద అందరూ బిగుసుకుపోయారు. ఒకాయన మాత్రం నిదానంగా, "స్ట్రెయిట్‌గానే ఉందండీ" అన్నాడు.

స్వప్న శ్రీకాంత్‌కు ఫోన్ చేసి, నన్ను దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ బీపీ చూశారు, ఈసీజీ తీశారు.

"కొత్తగా ఏమన్నా తిన్నరా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఉప్మా" అన్నాను.

అంతలో శ్రీకాంత్ ఆఫీసు నుంచి రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మా, నీ నాలుక గంత ఎర్రగున్నదేంది? నా పౌడర్ గిట్ల తాగినవా?"

తలూపాను.

వాడు కుర్చీలో కూలబడ్డాడు. "ఆ చిమచిమ నాకు రోజూ అయితదమ్మా!"

"రోజూనా? తెలిసి తెలిసి తాగుతున్నవా?"

"అట్లయితేనే పనిచేస్తున్నట్టు అనిపిస్తది."

డాక్టరమ్మ వాడి వైపు తిరిగింది. "అయితే మ్యాచ్‌లన్నీ మీరే గెలుస్తుండొచ్చు?"

"గెలుసుడేమో గానీ, ఫోకస్ అయితే వస్తది" అని గొణిగాడు వాడు.

"మీరు దడ తగ్గేదాకా పడుకోండమ్మా. మళ్ళ దాన్ని ముట్టొద్దు" అందామె నాతో.

తిరిగొస్తుంటే లిఫ్ట్‌లో, అప్పటికే సంగతి విన్న పక్క ఫ్లాటావిడ, "ఆంటీ, జిమ్‌ల ఎప్పుడు చేరిన్రు?" అంది. స్వప్న ఆఫీసువాళ్ళు ఇప్పుడు మీటింగ్ మొదలుపెట్టేముందు, "మీ అత్తగారి మూతి ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారట.

నా జ్ఞాపకశక్తి సంగతి దేవుడెరుగు. ఇగ నా ఫికరంతా వీళ్ళ జ్ఞాపకశక్తి గురించే!