పంతొమ్మిదో దారం

మా ఆయన పోయాక ఇద్దత్‌లో కూర్చున్నాను. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అల్లా పెట్టిన హద్దు అది, తప్పు పట్టను. కానీ ఆ జూన్‌లోనే మా పాపని ఒకటో తరగతిలో వేశాం. నేను ఏ బడికీ వెళ్ళలేదు. వంటింటి గోడ మీద మా నాన్న బొగ్గుతో దిద్దించిన అక్షరాలే నా చదువు. అందుకే బిడ్డ చెయ్యి పట్టుకుని బడిదాకా వెళ్ళాలని మహా కోరికగా ఉండేది. బడి రెండు సందుల అవతలే. గంట కొడితే మా ఇంట్లోకి వినపడేది.

నేనుండే గది కిటికీకి పాత చీర అడ్డం కట్టారు. మూలనున్న మిరపకాయల బస్తా ఘాటు కూడా బయటికి పోయే దారిలేక నాతోనే ఉండేది.

పాప మొదటి రోజే తలుపు పట్టుకుని కూర్చుంది.

"నువ్వొస్తేనే పోతా."

మూడు రోజులు అదే పాట. మా అత్తయ్య లాక్కెళ్ళేది, అది వెనకే పరిగెత్తుకొచ్చేది.

నాలుగో రోజు పంతులమ్మగారు ఇంటికొచ్చారు. పిల్లలు పుస్తకాలు యూరియా సంచుల్లో తెస్తున్నారట.

"మీకు మిషను వచ్చు కదండీ, గుడ్డ సంచులు కుట్టిపెట్టండి," అని కోరాగుడ్డ ఇచ్చి వెళ్ళారు.

నా చేతికి పని, పాపకి దారి, అల్లా రెండూ కలిపి పంపాడనుకున్నాను. తరగతిలో పంతొమ్మిది మంది. పంతొమ్మిది దారాలు తుంచి పాప చేతికిచ్చాను.

"నేను రాలేను కదా, నువ్వే నా టైలరువి. సంచి పట్టీ కొలతకి ఒక్కొక్కళ్ళ భుజం మీద దారం పెట్టి నడుం దగ్గర ముడెయ్యి."

ఆ హోదాకి లొంగి వెళ్ళింది. సాయంత్రం దారాలు తెచ్చింది. బిస్మిల్లా అని ఒక దారం కొలతకి పట్టీ కత్తిరించి, సంచి కుట్టి, పాప భుజానికే తగిలించి చూశాను. సంచి నేల మీద ఈడ్చుకుపోతోంది.

"నడుమంటే ఎక్కడే?"

"తెలుసులేమ్మా. కానీ ఎదిగే పిల్లలు గదా!"

దానికి పావడా కుట్టినప్పుడల్లా అత్తయ్య అనే మాటే అది. మూడు నెలల్లో మొదటిసారి నవ్వాగలేదు.

"ఇద్దత్‌లో ఏం నవ్వమ్మాయ్ అది, వీధిలోకి వినపడేట్టు!" అని కసిరింది అత్తయ్య. పాప ఆ సంచి ఈడ్చుకుంటూ వసారాలో తిరుగుతుంటే తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మళ్ళీ దారాలిచ్చి పంపాను. ఈసారి ముడులు సరిగ్గా పడ్డాయి. లెక్కపెడితే పద్దెనిమిదే. ఒక దారానికి ముడి లేదు.

"ఇదెవరిదే?"

"నాది."

"ఇట్టా రా, కొలుస్తా."

రెండడుగులు వెనక్కి వేసింది. "ఇక్కడ కాదు. అందరివీ బళ్ళోనే కొలిచా. నాదీ నువ్వు బడికొచ్చే కొలవాల."

పద్దెనిమిది సంచులూ వారంలో వెళ్ళిపోయాయి. నా ఇద్దత్ ఇంకా ముప్ఫై రోజులుంది. పాప ఏడవకుండా వెళ్తున్నందుకు రోజూ నమాజులో షుకర్ చెప్పుకున్నాను. ఆ ముప్ఫై రోజులూ అది పుస్తకాలు గుండెకి హత్తుకునే బడికి పోయింది.