వినోద సగం

వరంగల్ కొత్తవాడలో వినోద ఇల్లు సగం మగ్గమే. పెద్ద జంపఖానా ఒక్కరి చేతికి అందదు కాబట్టి మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని నేసేవారు. కుడి సగం సారంగపాణిది, ఎడమ సగం వినోదది. ఇనుప పళ్ల పంజాతో పోగులు దిగకొట్టడంలో అతనిది గట్టి చెయ్యి. "నీ దిక్కు వదులైతాందే, జర గట్టిగ కొట్టు" అని పెళ్లయిననాటి నుంచీ అదే పాట. "నా దిక్కు మెత్తగుంటది, కూసున్నోళ్లకు సుఖం" అని ఆమె జవాబు. వాళ్ల సరుకు మా దుకాణానికే వచ్చేది. కళ్లు మూసుకుని తడిమినా ఎవరి సగమేదో నేను చెప్పగలను. కొనేవాళ్లకు మాత్రం చెప్పేవాణ్ణి కాదు. బేరం చెడగొట్టుకునేంత అమాయకుణ్ణి కాను.

పోయిన వేసవిలో సారంగపాణి మగ్గం మీదే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. కంగారులో చుట్టాలు చేతికందిన జంపఖానా లాగి, పరిచి, అతన్ని పడుకోబెట్టారు. అది ఆ పొద్దునే మగ్గం మీంచి కోసి చుట్టిపెట్టినది. నీలం మీద ఎర్ర చారలు. ఇద్దరూ కలిసి నేసిన ఆఖరిది. నేను వెళ్లి చూసేసరికి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఒక్క పాత చాప దొరకలేదా? కానీ చావింట్లో ఎవరిని తిడతాం!

శవం కింద పరిచిన బట్ట మళ్లీ ఆ ఇంట్లో ఉండకూడదు. వాడకు బట్టలుతికే సమ్మమ్మకు చెందుతుంది. తరాల ఆనవాయితీ, ఆమె హక్కు. ఆ సంగతి తెలిసీ, వినోద పెద్దకర్మ దాకా ఆ జంపఖానా చుట్టకు ఆనుకునే కూర్చుంది. దాని బదులు నా దుకాణంలోంచి కొత్తది, ఇంకా పెద్దది, సమ్మమ్మకు ఇద్దామన్నాను.

"ఆయన పండుకున్నది గిదే గద అన్నా. ఇంకోటి ఇస్తె ఎట్లయితది?" అంది వినోద.

పెద్దకర్మనాడు సమ్మమ్మ వచ్చింది. వినోద తనే చుట్ట ఎత్తి ఆమె చేతుల్లో పెట్టింది. పెట్టింది కానీ వదల్లేదు.

"అక్కా, మొదటిసారి చన్నీళ్లల్ల ఉప్పేసి ముంచు, ఎరుపు దిగకుంటది. పిండకు. బండకేసి కొట్టకు. నీడల ఆరెయ్యి. మడతపెట్టకు, మడత కాడ పోగు తెగుతది, చుట్టిపెట్టు. నెలకోసారి తిరగెయ్యి, రెండు మొకాలు ఒక్కతీరుగ అరుగుతయి..."

మాటలు అయిపోయాయి. చేతులు మాత్రం రాలేదు. బతుకంతా బట్టలుతికిన మనిషికి ఉతకడం నేర్పుతోందని ఎవరో నవ్వబోతే నేను ఉరిమి చూశాను.

సమ్మమ్మ నవ్వలేదు. "గివన్ని నాకేడ యాదుంటయి చెల్లె? నెలకోసారి నువ్వే వచ్చి తిరగెయ్యి" అంది.

అప్పుడు వదిలింది వినోద. వాడంతటి బట్టల్లో ఏది ఎవరిదో ఒక్కనాడూ మరిచిపోని సమ్మమ్మ ఆ మాట అనడం విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు వినోద ఒక్కతే నేయగలిగిన చిన్నవి నేస్తోంది. నెలనెలా సమ్మమ్మ ఇంటికి మాత్రం తప్పకుండా వెళ్తుంది. ఆ ఇంట్లో దాన్ని దాచిపెట్టలేదు. దాని మీదే అన్నాలు తింటారు, దాని మీదే మనవరాలు పొర్లుతుంది. మొన్న దుకాణంలో మాసిన సరుకు ఉతకడానికి ఇద్దామని నేను వెళ్లేసరికి, వాళ్లిద్దరూ చెరో కొస పట్టుకుని దుమ్ము దులిపి, జంపఖానాను తిరగేసి పరుస్తున్నారు. తిరగేస్తే కుడి ఎడమవుతుంది. వినోద వంగి అరచేత్తో అటూ ఇటూ తడిమి, గట్టి సగం ఎటు వచ్చిందో చూసుకుంది. తర్వాత మెత్తని సగం మీద కూర్చుంది.

సమ్మమ్మ చాయ్ తెచ్చి, "నిలబడ్డవేందన్నా, కూసో" అంటూ వినోద పక్కన ఖాళీగా ఉన్న సగం చూపించింది.

నేను గచ్చు మీద కూర్చున్నాను.